నిమ్మతొనల రుచిలో వోడ్కా: లెక్క ఎవరు పెట్టాలి?

2025 జులై ఆఖరులో అమెరికాలో ఒక చిత్రమైన వార్త వచ్చింది. హై నూన్ అనే వోడ్కా సెల్ట్‌జర్ తయారుచేసే కంపెనీ తన సరుకులో కొంత వెనక్కి పిలిచింది. కారణం వింటే నవ్వు, భయం రెండూ వస్తాయి. డబ్బాలు సరఫరా చేసే సంస్థ పొరపాటున వేరే కంపెనీ తాలూకు ఖాళీ డబ్బాలు పంపింది. అవి సెల్సియస్ అనే ఎనర్జీ డ్రింకు డబ్బాలు. "బ్లూ రాజ్" రుచి అని వాటి మీద అచ్చు వేసి ఉంది. వాటిలో వోడ్కా సెల్ట్‌జర్ నింపేశారు, మూతలు బిగించేశారు, ఫ్లోరిడా, న్యూయార్క్, ఒహాయో, వర్జీనియా వగైరా రాష్ట్రాలకు పంపేశారు. సంగతి బయటపడ్డాక ఎఫ్.డి.ఏ. హెచ్చరిక జారీ చేసింది. అప్పటికి ఎవరికీ హాని జరిగినట్టు ఫిర్యాదులు రాలేదు.

ఫ్యాక్టరీలో డబ్బాలు మారడం ఎప్పుడైనా జరిగేదే. కానీ ఆ హెచ్చరిక ఎందుకు అవసరమైందో ఒక్క క్షణం ఆలోచించండి. తాగినవాడికి అది మందు అని తెలియకపోవచ్చు అన్నదే అందులోని భయం. విస్కీ సీసాలో టీ పోసినా, టీ కప్పులో విస్కీ పోసినా మొదటి గుక్కలోనే పట్టేస్తాం. ఇక్కడ అలా పట్టుకోగలమన్న నమ్మకం ప్రభుత్వానికే లేదు. నీలి రాస్ప్‌బెర్రీ అనేది తోటలో కంటే పిప్పరమెంటు ఫ్యాక్టరీలో ఎక్కువ పెరిగిన రుచి. ఆ రుచి ఎనర్జీ డ్రింకులోనూ ఉంది, పిల్లల చాక్లెట్లలోనూ ఉంది, వోడ్కాలోనూ ఉంది. మూడింటికీ నాలుక మీద తేడా చెరిగిపోయిన కాలంలో ఉన్నాం.

మన పార్టీలలో కూడా ఈ మార్పు వచ్చేసింది. పదిహేను, ఇరవై ఏళ్ళ క్రితం మనవాళ్ళ ఇంట్లో మందు అంటే బేస్‌మెంట్‌లో ఒక మూల స్కాచ్ సీసా, దాని చుట్టూ నలుగురు మగవాళ్ళు, పల్లీలు, మిక్చరు. ఇవాళ అదే ఇంట్లో వంటగది గట్టు మీద గాజు జగ్గులో పచ్చటి పానీయం, పక్కన గులాబీ రంగుది, గ్లాసు అంచుకు చక్కెర పూత, పైన ఒక గమ్మీ బేర్. కారమెల్ వోడ్కా, విప్డ్ క్రీమ్ వోడ్కా, పుచ్చకాయ వోడ్కా, పీచ్ వోడ్కా... కాస్త పాత తరం వాళ్ళు చిన్నప్పుడు కిరాణాకొట్లో కొనుక్కున్న నిమ్మతొనలు గుర్తొచ్చే పుల్లతీపి. "అబ్బే, ఇందులో ఏమీ లేదు, జ్యూసే" అంటూ అందిస్తారు. ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించే.

రుచి లేనిదానికి రుచి అద్దిన కథ

వోడ్కా గురించి అమెరికా చట్టం చాలాకాలం ఒక విచిత్రమైన నిర్వచనం పాటించింది. ప్రత్యేకమైన గుణం, వాసన, రుచి, రంగు లేనిదే వోడ్కా అని. ఆ మాటలను 2020లో తొలగించారు గానీ వ్యాపారానికి పునాది అదే. రుచి లేనిది గనక దాన్ని దేనిలో కలిపినా కలుస్తుంది. స్మిర్నాఫ్ అమెరికా హక్కులు హ్యూబ్లీన్ కంపెనీ 1939లో కొన్నప్పుడు వాటికి ఇచ్చింది కేవలం 14,000 డాలర్లు. వోడ్కా ఇక్కడ ఎవరికీ పట్టని సరుకు అప్పట్లో. అల్లం పానీయంలో కలిపి "మాస్కో మ్యూల్" అని అమ్మడం మొదలుపెట్టాక కథ మారింది. తర్వాత 1950లలో వచ్చిన ప్రకటనల సారాంశం, తాగినా నోరు వాసన రాదని! ఏమీ తెలియకపోవడమే దాని గొప్పతనంగా అమ్మారన్నమాట.

రష్యా, పోలండ్‌లలో వోడ్కాకు మిరియాలు, మిరపకాయ, గడ్డిపరకలు, తేనె అద్దడం పాత అలవాటే. అమెరికాలో ఆ దారి తొక్కింది స్వీడన్‌కు చెందిన అబ్సొల్యూట్. 1986లో మిరప రుచి, 1988లో నిమ్మ రుచి తెచ్చింది. ఆ నిమ్మ వోడ్కాతోనే కాస్మోపాలిటన్ నిలదొక్కుకుంది, "సెక్స్ అండ్ ది సిటీ" సీరియల్ దాన్ని ఊరూరా తిప్పింది. 1997లో లాస్ ఏంజెలెస్ దగ్గర వెస్ట్ హాలీవుడ్‌లోని ఒక రెస్టారెంటులో పచ్చ యాపిల్ మార్టినీ పుట్టింది. అసలు మార్టినీకీ దీనికీ గ్లాసు ఆకారం తప్ప చుట్టరికం లేదు. ఇది నిమ్మ, యాపిల్ బిళ్ళల రుచి. అక్కడినుంచి పండ్ల రుచులు పోయి మిఠాయి రుచులు రావడానికి ఎంతోకాలం పట్టలేదు. 2010 తర్వాత మార్ష్‌మెలో, కేకు, విప్డ్ క్రీమ్, కారమెల్ అన్నీ వోడ్కా సీసాల మీదకు ఎక్కాయి. విప్డ్ క్రీమ్ రుచితో పేరు తెచ్చుకున్న పినకల్ బ్రాండును బీమ్ కంపెనీ 2012లో 60 కోట్ల డాలర్లు దాటించి కొన్నదంటే ఆ గిరాకీ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఈ వ్యాపారంలో ఎదురుదెబ్బలు కూడా ఉన్నాయి. ఆన్‌హైజర్ బుష్ కంపెనీ "స్పైక్స్" అనే చిన్న రంగురంగుల సీసాలు తెచ్చి, అవి పిల్లల్ని ఆకట్టుకునేలా ఉన్నాయన్న గొడవ లేవగానే 2007లో మానుకుంది. 2010లో కెఫీన్ కలిపిన ఫోర్ లోకో వంటి పానీయాల కంపెనీలకు ఎఫ్.డి.ఏ. హెచ్చరికలు పంపింది, కెఫీన్ తీసేశారు. ఇలినాయ్ రాష్ట్రం 2025 నుంచి, పిల్లలకు తెలిసిన కూల్‌డ్రింకుల పేర్లతో వచ్చే మద్యాన్ని దుకాణాల్లో అసలు కూల్‌డ్రింకుల పక్కన పేర్చకూడదని నియమం పెట్టింది. ఇవన్నీ చెప్పేది ఒకటే. తీపికీ మందుకూ మధ్య గోడ పలచబడుతోందని చట్టాలు చేసేవాళ్ళకు తెలుసు, కానీ ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటున్నారు.

ఇప్పటి మార్కెట్ చూడండి. గాలప్ సంస్థ 2025 ఆగస్టులో ప్రకటించిన సర్వేలో, మద్యం తాగుతామన్న అమెరికన్ పెద్దలు 54 శాతమే. 1939 నుంచి ఆ సంస్థ అడుగుతున్న ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో ఇదే కనిష్ఠం. మద్యం అమ్మేవాళ్ళ సొంత సంఘం డిస్టిల్డ్ స్పిరిట్స్ కౌన్సిల్ లెక్కల ప్రకారం 2024లో మొత్తం స్పిరిట్స్ ఆదాయం ఒక శాతం పైగా తగ్గింది. వోడ్కా రమారమి 720 కోట్ల డాలర్ల దగ్గర ఎక్కడిదక్కడే నిలబడింది. పెరిగిందల్లా ముందే కలిపి డబ్బాల్లో పోసి అమ్మే కాక్‌టెయిళ్ళు: 16 శాతానికి పైగా పెరిగి 330 కోట్ల డాలర్లకు చేరాయి. అంటే జనం మందు తగ్గిస్తున్నారు, కానీ తాగేవాళ్ళు తియ్యటి, చల్లటి, కష్టపడకుండా గొంతు దిగే దానివైపు మొగ్గుతున్నారు. కంపెనీలు అటే పోతున్నాయి. అందులో ఆశ్చర్యం లేదు.

నాలుక ఎందుకు మోసపోతుంది

మనకు బాగా తెలిసిన ఉపమానం ఉంది ఇక్కడ. మిరపకాయ మంటను పసిగట్టే గ్రాహకం ఒకటి మన నోట్లో ఉంది. ఘాటు మద్యం గొంతులో మండినట్టు అనిపించేది కూడా చాలావరకు ఆ గ్రాహకం వల్లే. గుంటూరు కారం తిన్నప్పుడు మనం ఎలాగైతే "ఇక చాలు" అంటామో, నీట్‌గా తాగిన విస్కీ కూడా నాలుకతో అలాంటి మాటే చెప్పిస్తుంది. అది ఒక రకమైన మీటరు. ఎంత తాగామో తల చెప్పకముందే నోరు చెబుతుంది.

ఇప్పుడు ఆ మీటరు మీద ఏమేం కప్పుతున్నామో చూడండి. చక్కెర చేదును అణుస్తుంది. పుల్లటి ఆమ్లం, అంటే పచ్చ యాపిల్ బిళ్ళల్లో ఉండే మాలిక్ ఆమ్లం లాంటిది, నోటి ధ్యాసంతా తనవైపు లాక్కుంటుంది. ఫ్రీజరు చల్లదనం మంటను తగ్గిస్తుంది. వెనీలా, కారమెల్ వాసనలు స్పిరిట్ వాసనను దాచేస్తాయి. నాలుగూ కలిస్తే మీటరు దాదాపు పనిచేయదు. కారంగా ఉన్న పులుసులో బెల్లం ముక్క వేసి సర్దడం మన వంటింట్లో మామూలే గదా! బెల్లం వేస్తే నోటికి కారం తెలియదు, కడుపుకు మాత్రం తెలుస్తుంది. సరిగ్గా అదే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. "చక్కెర మంచిది కాదు" అని డైట్ సోడాతో కలిపి తాగేవాళ్ళు మనలో చాలామంది. చక్కెర ఉన్న పానీయం కడుపులోంచి కిందికి నెమ్మదిగా దిగుతుంది. చక్కెర లేనిది త్వరగా దిగిపోతుంది. అంచేత అదే వోడ్కా డైట్ పానీయంతో కలిపితే రక్తంలో మద్యం ఎక్కువ స్థాయికి చేరుతుందని పరిశోధనల్లో తేలింది. కాలరీలు ఆదా చేసిన అతిథికే ముందు మత్తెక్కుతుందన్నమాట. ఆడవాళ్ళ శరీరంలో నీటి పాలు తక్కువ గనక అదే గ్లాసు వాళ్ళకు ఎక్కువ పనిచేస్తుంది. ఇది శరీర ధర్మం, ఇందులో సంస్కారం ప్రశ్న లేదు. ఈ తియ్యటి మందు వచ్చాక "మన ఆడవాళ్ళు కూడా..." అని నిట్టూర్చే పెద్దమనుషులు కొందరున్నారు. వాళ్ళు అదే బేస్‌మెంట్‌లో ముప్ఫై ఏళ్ళుగా స్కాచ్ తాగుతున్నవాళ్ళే. ఆ నిట్టూర్పుకు మేము ఇక్కడ చోటివ్వదలచుకోలేదు. ఎవరు తాగుతున్నారన్నది కాదు ప్రశ్న, ఎంత తాగుతున్నారో వాళ్ళకు తెలుస్తోందా అన్నదే.

జగ్గులో ఎన్ని పెగ్గులు?

అమెరికాలో "ఒక డ్రింకు" అంటే 14 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాలు. 5 శాతం బీరు 12 ఔన్సులు, 12 శాతం వైను 5 ఔన్సులు, 40 శాతం వోడ్కా ఒకటిన్నర ఔన్సు: మూడూ ఒకటే. మన ఊళ్ళో లార్జ్ పెగ్గు అంటే 60 మిల్లీలీటర్లు, అక్కడి విస్కీ, బ్రాందీ సాధారణంగా 42.8 శాతం. ఇక్కడి లెక్కలో అది దాదాపు ఒకటిన్నర డ్రింకు. ఆ చేతివాటంతో ఇక్కడ కొలిచేవాళ్ళు మొదటి గ్లాసులోనే సగం అదనంగా పోస్తున్నారు.

ఇక కాక్‌టెయిల్ సంగతి. రుచి కలిపిన వోడ్కా చట్టప్రకారం కనీసం 30 శాతం ఉండాలి. మార్కెట్‌లో 30, 35 శాతం సీసాలే ఎక్కువ. 35 శాతంది రెండు ఔన్సులు, 15 శాతం పుల్ల యాపిల్ లిక్కరు ఒక ఔన్సు, కాస్త నిమ్మరసం అనుకుందాం. ఆ చిన్న గ్లాసులో ఉన్నది ఒకటి కాదు, 1.4 డ్రింకులు. కొలత లేకుండా చేత్తో ఒంపి వోడ్కా మూడు ఔన్సులైతే సరిగ్గా రెండు. గ్లాసు అదే, రంగు అదే, రుచి కూడా ఇంచుమించు అదే.

జగ్గు లెక్క ఇంకా తేలిక. 35 శాతం వోడ్కా 750 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 15 డ్రింకులున్నాయి. 40 శాతం అయితే 17. జగ్గులో ఒక సీసా మొత్తం పోసి, పుచ్చకాయ రసం, నిమ్మ సోడా కలిపి పదిమందికి పంచితే తలకు ఒకటిన్నర. ఎవరైనా "ఇంకొంచెం స్ట్రాంగ్‌గా ఉండాలి బావా" అని రెండో సీసా ఒంపితే మూడు! అతిథి దృష్టిలో మాత్రం తాను తాగింది ఒక కప్పు జ్యూసు. మన పార్టీల్లో కనిపించే ఎర్ర ప్లాస్టిక్ కప్పు సగం నింపినా ఎనిమిది ఔన్సులు దాటుతుంది. దానిలో ఎంతుందో పోసినవాడికి తప్ప దేవుడికి కూడా తెలియదు.

కొని తెచ్చిన వాటిలోనూ తేడాలున్నాయి. వెనక్కి పిలిచారని చెప్పిన ఆ హై నూన్ డబ్బా 4.5 శాతం, 12 ఔన్సులు, అంటే ఒక డ్రింకుకు కాస్త తక్కువే. బంతిలా గుండ్రంగా, రంగురంగులుగా ఉండే బజ్‌బాల్జ్ చూడటానికి దానికంటే చిన్నది. 200 మిల్లీలీటర్లే, కానీ 15 శాతం. అంటే 1.7 డ్రింకులు. అన్నట్టు ఈ బజ్‌బాల్జ్ మనవాళ్ళు వేలల్లో ఉండే డాలస్ శివారులోని కారల్‌టన్‌లో పుట్టింది. మొదలుపెట్టింది ఒక హైస్కూలు టీచరు. 2024లో సాజెరాక్ కంపెనీ కొనేసింది. బొమ్మలా ఉంది గదా అని పిల్లలకు అందే షెల్ఫులో పెట్టిన ఇళ్ళు ఉంటాయంటే మేము ఆశ్చర్యపోము.

ఇంట్లోనే చాక్లెట్లను వోడ్కాలో నానబెట్టే సరదా ఒకటుంది, దాని సంగతీ చెప్పుకోవాలి. స్కిటిల్స్‌ను రంగుల వారీగా ఏరి, ఒక్కో సీసాలో వేసి వోడ్కా పోసి రాత్రంతా వదిలేస్తారు. చక్కెర కరుగుతుంది, పైన తెల్లటి తెట్టు కడుతుంది. కాఫీ ఫిల్టరు కాగితంలో వడకట్టి ఫ్రీజరులో పెడితే ఐదు రంగుల సీసాలు తయారు. చూడముచ్చటగా ఉంటాయి, ఒప్పుకోవాలి. ఆరు ఔన్సుల వోడ్కాకు 60 బిళ్ళలు వేస్తే అందులోకి దిగే చక్కెర 45 గ్రాముల పైమాటే. చక్కెర పాలు పెరిగి వోడ్కా 40 శాతం నుంచి 33 దరిదాపులకు పలచబడుతుంది. అయినా అది షాట్ గ్లాసుల్లో గటగటా దిగే సరుకు. గమ్మీ బేర్లు నానబెడితే వేరే సమస్య. ఏ బేర్ ఎంత పీల్చిందో ఎవరూ చెప్పలేరు, పైగా అవి గిన్నెలో ఉంటే మామూలు గమ్మీలకూ వీటికీ తేడా కనబడదు. చాలా గమ్మీల్లో జెలటిన్ ఉంటుందన్నది శాకాహారులకు అదనపు సమాచారం. ఏదేమైనా పిల్లలు తిరుగాడే ఇంట్లో ఈ గమ్మీల పని పెట్టుకోవద్దనే మా మాట.

పార్టీ అయ్యాక

తియ్యటి మందుతో అసలు చిక్కు తాగేటప్పుడు కాదు, కారు తాళాలు తీసుకునేటప్పుడు. త్వరగా తాగింది రక్తంలో శిఖరానికి చేరడానికి అరగంట నుంచి గంటన్నర దాకా పట్టవచ్చు. భోజనం మధ్యలో ఉంటే ఇంకా ఆలస్యం. గుమ్మం దగ్గర "వెళ్ళొస్తాం అక్కా" అన్నప్పుడు నిక్షేపంగా ఉన్న మనిషి హైవే ఎక్కాక మత్తులో పడతాడు. శరీరం గంటకు ఇంచుమించు ఒక డ్రింకును వదిలించుకోగలదు, అంతే. కాఫీ తాగినా, మజ్జిగ తాగినా ఆ వేగం పెరగదు. రక్తంలో 0.08 శాతం ఉంటే దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ నేరం, యూటాలో 2018 ఆఖరు నుంచి 0.05 శాతానికే.

వీసా మీద ఉన్నవాళ్ళకు ఇది జరిమానాతో పోయే వ్యవహారం కాదు. 2015లో విదేశాంగ శాఖ నియమాలు మార్చాక, మత్తులో కారు నడిపాడని అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే, మనిషి అమెరికాలో ఉండగానే, పాస్‌పోర్టులోని వీసాను రద్దు చేసే అధికారం కాన్సులర్ అధికారులకు ఉంది. దాంతో ఇక్కడి హోదా ఆ క్షణాన పోదు. కానీ తర్వాత ఊరు వెళితే కొత్త వీసా కావాలి, అందుకు వైద్య పరీక్ష కావాలి, అపాయింట్‌మెంటు కావాలి. అమ్మకు ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే బయల్దేరాలా వద్దా అని లాయరును అడగాల్సిన పరిస్థితి. హెచ్-1బి మీద ఉన్న కుర్రాడు, చదువు ముగించి ఓ.పి.టి.లో ఉన్న అమ్మాయి, వీళ్ళే మన పార్టీల్లో ఎక్కువమంది. "జ్యూసే" అన్న మాటకు వాళ్ళు చెల్లించే మూల్యం ఇది.

ఇల్లు గలవాళ్ళకూ బాధ్యత ఉంది. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1984లో కెల్లీ వర్సెస్ గ్విన్నెల్ కేసులో సంచలన తీర్పు ఇచ్చింది. ఇంటికి వచ్చిన అతిథికి మందు పోసి, మత్తులో ఉన్నాడని తెలిసీ కారు ఎక్కనిస్తే, దారిలో గాయపడినవారికి గృహస్థు కూడా జవాబుదారీ అని. 1987లో శాసనసభ దాన్ని కొంత పరిమితం చేసింది, కంటికి కనిపించేంత మత్తులో ఉన్నవాడికి తెలిసి పోస్తేనే అని. ఎడిసన్‌లో, ఈస్ట్ బ్రన్స్‌విక్‌లో ఇళ్ళున్న మనవాళ్ళు ఎంతమందికి ఈ సంగతి తెలుసో! ఇతర రాష్ట్రాల్లో చట్టాలు వేరువేరు, చాలాచోట్ల పెద్దల విషయంలో గృహస్థుకు రక్షణే ఎక్కువ. కానీ కాలిఫోర్నియాలో 2014లో మరో తీర్పు వచ్చింది. ఒక ప్రైవేటు పార్టీకి గుమ్మం దగ్గర ప్రవేశ రుసుం వసూలు చేశారు. అలా చేస్తే అది మద్యం అమ్మినట్టే లెక్క కావచ్చని, మత్తులో ఉన్న మైనరుకు పోస్తే బాధ్యత తప్పదని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. టిక్కెట్టు పెట్టి కొత్త సంవత్సరం వేడుకలు చేసే సంఘాల కార్యదర్శులు ఈ ఒక్క వాక్యం తమ లాయరుకు చూపించడం మంచిది.

ఆరోగ్యం గురించి నాలుగు మాటలే. 2025 జనవరిలో అప్పటి సర్జన్ జనరల్ వివేక్ మూర్తి మద్యానికీ కాన్సరుకూ ఉన్న సంబంధం గురించి ప్రత్యేక సూచన విడుదల చేశారు. అమెరికాలో ఏటా దాదాపు లక్ష కాన్సర్ కేసులు, 20,000 మరణాలు మద్యంతో ముడిపడి ఉన్నాయని అందులో ఉంది. మనవాళ్ళలో మధుమేహం ఎక్కువన్నది కొత్త సంగతి కాదు. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు అతిగా తాగకూడదని ఆ మందు హెచ్చరికలోనే ఉంటుంది. ఇన్సులిన్, మరికొన్ని బిళ్ళలు వాడేవాళ్ళకు తాగిన కొన్ని గంటల తర్వాత చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. తియ్యటి కాక్‌టెయిల్ తాగాను గనక చక్కెర పడిపోదు అనుకోవడం పొరపాటు. ముందు పెరుగుతుంది, రాత్రి నిద్రలో పడిపోవచ్చు. మీ డాక్టరును అడగండి.

ఇంతకీ సీసా మీద ఇదంతా ఎందుకు రాసి ఉండదు? పది సెంట్ల పిప్పరమెంటు పొట్లం మీద చక్కెర ఎన్ని గ్రాములో, కాలరీలు ఎన్నో రాయాలి. అదే పిప్పరమెంటు రుచి గల వోడ్కా సీసా మీద అవి రాయనక్కర్లేదు. ఎందుకంటే ఆ లేబుళ్ళు చూసేది ఎఫ్.డి.ఏ. కాదు, ఖజానా శాఖ కింద ఉండే టి.టి.బి. గర్భిణులు, డ్రైవింగు గురించిన హెచ్చరిక 1989 నుంచి ఉంది, కానీ ఒక్కో గ్లాసులో ఎంతుందన్నది లేదు. 2025 జనవరిలో టి.టి.బి. ఒక ప్రతిపాదన పెట్టింది. ఆల్కహాలు, కాలరీలు, పిండిపదార్థాలు ఎంతెంతో ఒక చిన్న పెట్టెలో అచ్చువేయాలని. అదే అమల్లోకి వస్తే డబ్బాల వరకు మేలే. జగ్గుకు లేబులు వేసే శాఖ మాత్రం ఎక్కడా లేదు.

అందుకే ఇది గృహస్థు పని. మన రాజకీయాల్లో మద్యం గురించిన చర్చ ఎప్పుడూ రెండే ముక్కలు: నిషేధమా, అమ్మకమా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దానికి సడలింపు. ఆ ఉద్యమం వెనక ఉన్న కష్టం నిజమైనది, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఆ రెండు ముక్కల మధ్య కొలిచి పోయడం, ఎంత పోశామో చెప్పడం అనే అలవాటు మనకు అబ్బలేదు. ఇక్కడ తాగనివాళ్ళు తాగేవాళ్ళ వైపు చూడరు, తాగేవాళ్ళు లెక్క చెప్పరు.

చేయదలచుకుంటే పెద్ద కష్టమేం కాదు. ఔన్సు కొలిచే చిన్న గిన్నె, జిగ్గర్ అంటారు, ఐదు డాలర్లకు దొరుకుతుంది. ఒంపడం మాని దానితో పోయండి. జగ్గు కలిపితే పక్కన ఒక కార్డు పెట్టండి: ఏం వోడ్కా, ఎన్ని ఔన్సులు, ఒక గ్లాసు ఎన్ని డ్రింకులతో సమానం. మందు లేని జగ్గుకు వేరే రంగు, వేరే బల్ల. రుచిలో తేడా తెలియనప్పుడు కంటికైనా తెలియాలి గదా. రుచి కలిపిన వోడ్కాలో తీపి ముందే ఉంటుంది గనక మళ్ళీ చక్కెర పాకం పోయనక్కర్లేదు. ఔన్సు పాకంలో నాలుగు టీ చెంచాల చక్కెర ఉంటుంది. నిమ్మరసం, సోడా, బోలెడు ఐసు చాలు. రుచి కూడా అప్పుడే బాగుంటుంది, మాకైతే అలాగే నచ్చుతుంది. మిఠాయి రుచి గ్లాసును వడ్డన ఆఖరుకు కాకుండా భోజనానికి ముందు ఒకసారి ఇచ్చి, ఆ తర్వాత జగ్గు లోపల పెట్టేస్తే వెళ్ళేవేళకు చాలావరకు దిగిపోతుంది. దూరం వెళ్ళేవాళ్ళకు ఊబర్ పిలవడం, పడక చూపించడం మర్యాదలో భాగమే.

టి.టి.బి. ప్రతిపాదనలో ఇంకో మాట కూడా ఉంది. నియమం ఖరారైన రోజు నుంచి లేబుళ్ళు మార్చుకోవడానికి కంపెనీలకు ఐదేళ్ళ గడువు. ఖరారైనా సరే, అప్పటిదాకా ఎన్ని దీపావళి పార్టీలు, ఎన్ని న్యూ ఇయర్ పార్టీలు జరుగుతాయో మీరే లెక్కవేసుకోండి.